ఓడ ఎవరికోసం ఆగుతుంది?

యూట్యూబులో ఒక రకం వీడియోలుంటాయి, మీరూ చూసే ఉంటారు. పెద్ద అపార్ట్‌మెంటంత క్రూయిజ్ షిప్పు రేవులోంచి కదలబోతూ ఉంటుంది. ఒడ్డున ఇద్దరు మనుషులు చేతిలో షాపింగు సంచులతో పడుతూ లేస్తూ పరిగెడుతుంటారు. పైన డెక్కుల మీంచి జనం ఈలలు, చప్పట్లు, ఫోన్లలో రికార్డింగులు. కొందరికి ఓడ అందుతుంది, కొందరికి అందదు. వీళ్లకి ‘పియర్ రన్నర్లు’ అని పేరు కూడా పెట్టేశారు.

చూసినవాళ్లు అనే మాట ఒక్కటే: "టైముకి రావాలని తెలీదా? తిక్క కుదిరింది." నిజమే, టైముకి రావాలి. కానీ ఓడకి ఒక టైమంటూ ఎప్పుడు పుట్టింది? ఇది తవ్వుతూ పోతే రెండొందల ఏళ్ల కథ బయటపడింది. అంతకుముందు ఓడ ‘తప్పిపోవడం’ అన్న మాటకి ఇప్పుడున్న అర్థమే లేదు.

పాతకాలం ఓడ మన షేర్ ఆటో లాంటిది. అమీర్‌పేటలో ఆటోవాడు "ఎక్కండి సార్, వెళ్లిపోదాం" అంటాడు, మీరు ఎక్కి కూర్చుంటారు, అది మాత్రం నిండేదాకా కదలదు. ఆ రోజుల్లో ఓడ కూడా అంతే. సరుకు నిండాలి, గాలి అనుకూలించాలి, అప్పుడే లంగరు ఎత్తేది. ప్రయాణికులు రేవు పట్నంలో సత్రాల్లో దిగి, రోజులూ వారాలూ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్లు. మన కోస్తా సంగతే తీసుకోండి. మచిలీపట్నం రేవు వెలిగిన రోజుల్లో ప్రయాణం మొత్తం రుతుపవనాల చేతిలో ఉండేది. ఆ గాలి దాటిపోతే మళ్లీ గాలి తిరిగేదాకా నెలల తరబడి ఆగాల్సిందే. దాన్ని ఎవరూ ‘లేటు’ అనలేదు. ఓడకి ఫలానా గంట అంటూ లేనప్పుడు లేటెక్కడిది?

దీన్ని మార్చింది న్యూయార్క్‌లోని కొందరు వ్యాపారులు. 1817 చివర్లో వాళ్లొక ప్రకటన ఇచ్చారు. మా దగ్గర నాలుగు ఓడలున్నాయి, న్యూయార్క్‌కీ లివర్‌పూల్‌కీ మధ్య తిరుగుతాయి, ప్రతి నెలా చెప్పిన తేదీకి బయల్దేరతాయి, నిండినా సరే నిండకపోయినా సరే అని. ఇదే తర్వాత ‘బ్లాక్ బాల్ లైన్’గా పేరు పడింది. 1818 జనవరి 5న మొదటి ఓడ ‘జేమ్స్ మన్రో’ న్యూయార్క్ నుంచి బయల్దేరాల్సి ఉంది. ఆ రోజు మంచు కురుస్తోంది. ఓడ పూర్తిగా నిండలేదు కూడా. ఏ పాతకాలపు కెప్టెనయినా "రేపు చూద్దాంలే" అనేవాడు. జేమ్స్ మన్రో మాత్రం చెప్పిన టైముకి కదిలిపోయింది. సుమారు నాలుగు వారాలకి లివర్‌పూల్ చేరింది.

మన భాషలో చెప్పాలంటే అది మొదటి ‘రిలీజ్ ట్రెయిన్’ అన్నమాట. డేటు ఫిక్స్, ఫీచర్ రెడీ కాకపోతే నెక్స్ట్ రిలీజ్‌లో చూసుకో! వినడానికి కర్కశంగా ఉన్నా, సామాన్యుడికి దీనివల్ల జరిగిన మేలు తక్కువది కాదు. అంతకుముందు ఓడ యజమాని తన లాభం కోసం అందరి కాలాన్నీ ఉచితంగా వాడుకునేవాడు. ఆ నిరీక్షణకి ఖరీదు కట్టినవాడు లేడు. చెప్పిన టైముకి ఓడ కదలడం మొదలయ్యాక మొదటిసారి ప్రయాణికుడి టైముకి కూడా విలువ వచ్చింది. కాకపోతే దాంతోపాటే ఇంకొకటి కూడా పుట్టింది: ఒడ్డున మిగిలిపోయినవాడు. ఓడ ఆగనంటేనే కదా, మనిషి లేటయ్యేది!

ఆవిరి ఓడలొచ్చాక గాలి గొడవ కూడా తీరిపోయింది. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు, అదే ఏడాది అమెరికాలో ఆ చివర్నుంచి ఈ చివరికి రైలు మార్గం కలిసింది. ప్రపంచం మొత్తం ఒక పెద్ద టైంటేబుల్ అయిపోయింది. 1872లో జూల్స్ వెర్న్ ఎనభై రోజుల్లో భూమిని చుట్టి వచ్చే నవల రాశాడంటే ఊరికే రాయలేదు. అందులో హీరోకి హాంకాంగ్‌లో ఓడ తప్పుతుంది. తమాషా ఏంటంటే ఆయన లేటు కాదు, ఓడే ముందు వెళ్లిపోయింది! బాయిలర్ రిపేరు అనుకున్నదానికంటే త్వరగా అయిపోయిందని ముందురోజు సాయంత్రమే బయల్దేరిపోతుంది. ఆ సంగతి తెలిసిన పనివాడు నల్లమందు మత్తులో పడి ఉంటాడు.

కథ చదివి ఊరుకోకుండా దాన్ని నిజం చేద్దామని 1889 నవంబరు 14న ఇద్దరు అమెరికన్ మహిళా జర్నలిస్టులు బయల్దేరారు. నెల్లీ బ్లై న్యూయార్క్ నుంచి తూర్పుకి, ఎలిజబెత్ బిస్లండ్ పడమరకి. వేరు వేరు పత్రికలు, ఒకటే పందెం. బ్లై కొలంబో దాకా అనుకున్నట్టే వచ్చింది. అక్కడ ఎక్కాల్సిన ‘ఓరియంటల్’ అనే ఓడ రేవులోనే ఉంది. కానీ కదలదే! ఎప్పుడు బయల్దేరుతుందని అడిగితే ‘నేపాల్’ అనే ఇంకో ఓడ వచ్చాక అన్నారు. ఆ నేపాల్ తీరిగ్గా వచ్చేసరికి అయిదు రోజులయింది. పాపం బ్లై అక్కడే కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

అటు బిస్లండ్ యూరప్ చేరాక ఆమె ఎక్కాల్సిన వేగమైన ఓడ అందదని కబురందింది. ఆ కబురు ఎంతవరకు నిజమన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఆమె కోసం ఓడని కాసేపు ఆపించడానికి పత్రిక యజమాని డబ్బు కూడా పెట్టాడంటారు. ఏదయితేనేం, చివరికి ఐర్లండులోని క్వీన్స్‌టౌన్ రేవులో ‘బోత్నియా’ అనే నెమ్మది ఓడ ఎక్కాల్సి వచ్చింది. బ్లై 72 రోజుల్లో ఇల్లు చేరింది. బిస్లండ్‌కి 76 రోజులు పట్టింది. బ్లై పేరు చరిత్రలో మిగిలింది, బిస్లండ్ పేరు చాలామందికి తెలీదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ‘ఓడ ఎవరికోసమూ ఆగదు’ అన్నది పూర్తి నిజం కాదు. కొలంబోలో ఓడ అయిదు రోజులు ఆగింది. ఒక మనిషి కోసం ఆగని ఓడ తన కంపెనీ వాళ్లదే ఇంకో ఓడ కోసం ఆగుతుంది. అంటే రూలు టైముది కాదు, లెక్కది. ఆగితే ఎంత నష్టం, ఆగకపోతే ఎంత నష్టం?

ఈ లెక్క అన్నిటికంటే కఠినంగా కనపడేది 1912 ఏప్రిల్ 10న, సౌతాంప్టన్‌లో. అవును, టైటానిక్కే. బొగ్గు గనుల సమ్మె వల్ల ఆ ఊళ్లో వేలమంది ఓడ పనివాళ్లు వారాలుగా ఖాళీగా ఉన్నారు. పొద్దున్నే హాజరు వేయించుకున్న ఫైర్‌మెన్ కొందరు, అంటే బాయిలర్లలో బొగ్గు వేసేవాళ్లు, ఓడ మధ్యాహ్నం కదా అని రేవు దగ్గర పబ్బులకి వెళ్లారు. తిరిగొస్తుంటే దారికి అడ్డంగా రైలు. పొడెస్టా, నట్‌బీన్ అనే ఇద్దరు రైలు ముందునుంచి పరుగెత్తి దాటేశారు. స్లేడ్ అన్నదమ్ములు ముగ్గురు, ఇంకొందరు మాత్రం రైలు వెళ్లేదాకా ఆగారు. అది పొడుగాటి రైలు. వాళ్లు భుజాన మూటలతో పరిగెత్తుకొచ్చేసరికి గ్యాంగ్‌వే తీసేస్తున్నారు. అక్కడి ఉద్యోగి ససేమిరా అన్నాడు. వాళ్లు చేతులు తిప్పుతూ, బతిమాలుతూ వాదించడం లారెన్స్ బీస్లీ అనే సైన్స్ టీచరు పైడెక్కు మీంచి చూసి, తర్వాత తన పుస్తకంలో రాశాడు. చేతిలో ఫోను లేదు గానీ, అది అచ్చం ఇవాళ్టి వీడియోనే.

ఈ కథని అందరూ ‘అదృష్టం అంటే స్లేడ్ అన్నదమ్ములది’ అని ముగిస్తారు. నాకెప్పుడూ ఆ ముగింపు నచ్చదు. ఎందుకంటే వాళ్ల ఖాళీలు ఖాళీగా ఉండిపోలేదు. పని దొరుకుతుందేమోనని ఎదురుచూస్తున్న స్టాండ్‌బై మనుషుల్ని అప్పటికప్పుడు పేర్లు రాసుకుని ఎక్కించుకున్నారు. వారాల తర్వాత పని దొరికిందని వాళ్లెంత సంతోషపడి ఉంటారో! వాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు. తప్పించుకున్నవాళ్ల పేర్లు వందేళ్లుగా చెప్పుకుంటున్నాం, బదులుగా ఎక్కినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు. అన్నట్టు రైలు ముందు పరుగెత్తిన పొడెస్టా, నట్‌బీన్ ఇద్దరూ బతికి బయటపడ్డారు. కాబట్టి ఇందులో నీతి వెతక్కండి, లేదు. ఉన్నది ఒక్కటే: నీ బదులు ఇంకొకడు రెడీగా ఉంటే ఓడకి నీకోసం ఆగాల్సిన పనిలేదు. బెంచ్ మీద కూర్చున్నవాళ్లకి ఇది నేను విడిగా చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పటి రోజులకి వద్దాం. క్రూయిజ్ ఓడ ఎందుకు ఆగదంటే కారణాలు గట్టివే. రేవులో చోటు గంటల లెక్కన బుక్ అవుతుంది, పైలట్‌ని మాట్లాడి ఉంచుతారు, కొన్ని చోట్ల ఆటుపోట్లు చూసుకోవాలి. గంట లేటయితే ఆ గంట సముద్రంలో వేగం పెంచి పూడ్చుకోవాలి. ఓడ విషయంలో వేగానికీ ఇంజను పవరుకీ సంబంధం ఘనంలో ఉంటుంది. వేగం 10 శాతం పెంచాలంటే పవరు సుమారు 33 శాతం పెంచాలి. ఇంధనం ఖర్చు మీరే ఊహించుకోండి. లోపల మూడు వేలమంది ఉంటే, ఇద్దరి కోసం గంట ఆగడం అంటే మూడు వేల మనిషి గంటలు.

అయితే ఇక్కడ కూడా కొలంబో రూలే పనిచేస్తుంది. ఓడ కంపెనీ అమ్మిన టూర్లో వెళ్లి బస్సు లేటయితే ఓడ మామూలుగా ఆగుతుంది. బయట టూరు ఆపరేటరుతో తక్కువకి వెళితే ఆగదు. అదే ఊరు, అదే ట్రాఫిక్, అదే లేటు. తేడా ఎవరి లెక్కలో ఉన్నావన్నదే.

2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమాన ఉన్న సావో టోమే దీవిలో జరిగింది చూడండి. ‘నార్వీజియన్ డాన్’ అనే ఓడ ఒడ్డుకి దూరంగా లంగరేసి ఉంది. (మన విశాఖలో కూడా 1933లో హార్బరు తెరిచేదాకా పెద్ద ఓడలు అలా దూరంగానే నిలబడేవి, పడవల్లో వెళ్లి ఎక్కాల్సిందే.) బయట టూరుకి వెళ్లిన ఎనిమిది మంది, ఆరుగురు అమెరికన్లు, ఇద్దరు ఆస్ట్రేలియన్లు, చెప్పిన టైముకి రాలేదు. వాళ్లలో ఒక గర్భిణి, పెద్దవయసువాళ్లు కూడా ఉన్నారని వార్తల్లో వచ్చింది. ఆ ప్రయాణికులు చెప్పిందాని ప్రకారం ఓడ ఇంకా కదల్లేదు, స్థానిక కోస్ట్ గార్డు పడవలో వాళ్లని ఓడ పక్కకి తీసుకెళ్లారు, అయినా ఎక్కించుకోలేదు. టైముకి రావడం ప్రయాణికుల బాధ్యత అన్నది కంపెనీ మాట. వాళ్ల పాస్‌పోర్టులు రేవులోని ఏజెంటుకి ఇచ్చి ఓడ వెళ్లిపోయింది. వీళ్లు దేశాలు దాటుకుంటూ గాంబియాలోని బాంజుల్ చేరితే, ఆటుపోట్ల వల్ల ఓడ అక్కడ ఆగలేదు. చివరికి సెనెగల్‌లోని డాకార్‌లో ఏప్రిల్ 2న అందుకున్నారు.

ఇది చదువుతుంటే నాకొచ్చిన మొదటి ఆలోచన: వాళ్ల చేతుల్లో మన పాస్‌పోర్టు ఉండుంటే? అమెరికన్ పాస్‌పోర్టుతో అన్ని సరిహద్దులు దాటడమే కష్టమయింది. మనకయితే ఒక్కో దేశానికీ వీసా ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఓడ తప్పడం వాళ్లకి వారం రోజుల అవస్థ, మనకి అది ఇమిగ్రేషన్ సమస్య.

అమెరికాలో ఉండి అలాస్కా క్రూయిజ్‌కి వెళ్లేవాళ్లకి ఇంకో పాత చట్టం కూడా ఉంది. 1886లో అమెరికన్ ఓడల వ్యాపారాన్ని కాపాడటానికి చేశారు. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికన్ రేవులో మనిషిని ఎక్కించుకుని ఇంకో అమెరికన్ రేవులో వదిలెయ్యకూడదు. అప్పట్లో జరిమానా మనిషికి 2 డాలర్లు, 1898లో 200 చేశారు, ఇప్పుడు 900 దాటింది. పెద్ద క్రూయిజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ జెండావే. మీరు సియాటిల్‌లో ఎక్కి జూనోలో ఓడ తప్పి అక్కడే ఉండిపోతే, కాయితం మీద అది సియాటిల్ నుంచి జూనోకి ‘రవాణా’ కింద లెక్కపడొచ్చు. జరిమానా కంపెనీకి, కంపెనీ నుంచి మీకు. ఏ ఆపదో కారణమయితే మాఫీ అడగొచ్చు, షాపింగు కారణమయితే ఎవరూ వినరు.

మొత్తానికి నాకర్థమయింది ఇది. ఓడ టైముకి కదలడం మంచిదే, 1818కి ముందు రోజులు ఎవరికీ అక్కర్లేదు. టైముకి వచ్చి కూర్చున్న మూడు వేలమంది పట్ల అది న్యాయం. కానీ పడవ పక్కకి వచ్చాక, ఓడ ఇంకా లంగరు మీదే ఉన్నప్పుడు కూడా మెట్లు దించకపోతే దాన్ని టైంటేబుల్ అనలేం. అక్కడ ఎవరి టైమూ మిగల్లేదు, రూలు ఒక్కటే మిగిలింది. రూలు ఎందుకు పెట్టుకున్నామో గుర్తున్నవాడి చేతిలో ఉన్నంతసేపే అది పనిముట్టు.

క్రూయిజ్ ప్లాన్ చేస్తున్నవాళ్లకి ఆఖరుగా రెండు ముక్కలు. చాలా ఓడలు తమ సొంత టైము పాటిస్తాయి, ఒడ్డు దిగగానే మీ ఫోను తనంతట తానే లోకల్ టైముకి మారిపోతుంది. మన టైమ్‌జోన్ బగ్గుల్లాంటిదే ఇదీ, ప్రొడక్షన్‌లోనే బయటపడుతుంది. కాబట్టి చేతికి మామూలు వాచీ ఒకటి ఓడ టైములో పెట్టుకోండి. పాస్‌పోర్టు, కాస్త డబ్బు, వేసుకోవాల్సిన మందులు ఒంటిమీదే ఉంచుకోండి. ఓడ లెక్కలో మీరు ఎక్కడున్నారో మీకు తెలీదు కాబట్టి, మీ లెక్కలో మీరుండటం మంచిది.