ఒకరి పుస్తకం, ఇంకొకరి అచ్చు

మేం మద్రాసు తెలుగువాళ్లం. మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి అచ్చాఫీసు పని కోసం ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆదివారం గుళ్లో మళ్లీ తెలుగు. మా నాలుగు తరాలూ ఇలాగే గడిచాయి. మా వాళ్ల గురించి గొప్పగా చెప్పుకునే సంగతులు ఇదివరకు చాలా రాశాం. ఈసారి కాస్త సిగ్గుపడే సంగతి ఒకటి రాస్తున్నాం.

మా తాత, ఆయన తమ్ముడు ఇద్దరూ కంపోజిటర్లే. చిన్నతాత వేరుపడి, అదే వీధిలో సొంతంగా ఒక ట్రెడిల్ మిషను పెట్టుకున్నాడు. అప్పటినుంచి మా తాతకు నిద్ర కరువైంది. ఒకే వీధి, ఒకే గుడి, ఒకే గిరాకీ. శుభలేఖల పని ఎవరికి పోయింది, కరపత్రాలు ఎవరు వేశారు అని రోజూ లెక్కలే. గుళ్లో ఒకరు ముందు వరసలో కూర్చుంటే ఇంకొకరు చివరి వరస వెతుక్కునేవారు. సంఘం పాటల పుస్తకం పని తమ్ముడికి వెళ్లిన రోజున తాత అన్నం ముట్టలేదని మా నాయనమ్మ చెప్పేది.

ఆ రోజుల్లోనే గుళ్లో ఒక పెద్దాయన తాతను పక్కకు పిలిచి, తెలుగు బైబిలు అచ్చయిన కథ చెప్పాడట. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఆ కథను మేం తర్వాత చదివి తెలుసుకున్న వివరాలతో కలిపి ఇక్కడ రాస్తున్నాం.

బైబిలును తెలుగులోకి తెచ్చే ప్రయత్నం మా మద్రాసులో చాలా ముందే జరిగింది. 1726లో ఇక్కడికొచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఆ పని చేశాడు గానీ, ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. తర్వాత 1805లో లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరి మళ్లీ మొదలుపెట్టారు. వాళ్లకు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. ఈయన ఒకప్పుడు టిప్పు సుల్తాన్ సైన్యంలో లెక్కలు రాసినవాడు. మనశ్శాంతి వెతుక్కుంటూ పుదుచ్చేరి, తరంగంబాడి తిరిగి, చివరికి విశాఖ చేరాడు. ఆ పనిలో మన భాష నుడికారం పడిందంటే అందులో ఆయన పాలు చాలానే ఉంది.

అదే కాలంలో బెంగాల్లో, హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ బృందం కూడా పండితుల సాయంతో తెలుగు అనువాదం చేయిస్తోంది. వీళ్లు బాప్టిస్టులు. విశాఖ వాళ్లు పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇచ్చేవాళ్లు. శ్రీరాంపూర్ వాళ్లకు అది సమ్మతం కాదు. మిషన్లు వేరు, సిద్ధాంతం వేరు, తలపెట్టిన పుస్తకం మాత్రం ఒక్కటే. అసూయకు కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉంది.

ఇంతలో 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ చనిపోయారు. వాళ్లు విడిచి వెళ్లిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయ్యాయి. ఎక్కడనుకున్నారు? శ్రీరాంపూర్‌లోనే! సొంత అనువాదం చేతిలో ఉండగానే, అవతలివాళ్ల అనువాదాన్ని తమ అచ్చాఫీసులో వేసి ఇచ్చారు.

అదే 1812 మార్చి 11న ఆ అచ్చాఫీసు తగలబడింది. కాగితం, అక్షరాలు, కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న వ్రాతప్రతులు బూడిదయ్యాయి. ఆ వార్త తెలిసి బ్రిటన్‌లో చందాలు పోగయ్యాయి. బాప్టిస్టులే కాదు, వేరే సంఘాలవాళ్లు కూడా ఇచ్చారు. కేరీ మళ్లీ మొదటినుంచి కూర్చుని తన తెలుగు వ్యాకరణాన్ని 1814లో అచ్చుకు తెచ్చాడు.

అంతటితో పోటీ తీరిపోయిందని మేం చెప్పం. 1818లో కేరీ వాళ్ల కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో, విశాఖ మిషన్‌కు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మద్రాసులో, రెండూ ఒకే ఏడాది వచ్చాయి. వేర్వేరు మిషన్లవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒకే తెలుగు బైబిలును సవరించే రోజు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

పెద్దాయన ఈ కథ చెప్పి, ఫిలిప్పీ పత్రిక మొదటి అధ్యాయం చదవమన్నాడట. పౌలు చెరసాలలో ఉంటే, కొందరు ఆయన మీద అసూయతో, పోటీకి సువార్త చెబుతున్నారు. ఎలాగైతేనేం, క్రీస్తు పేరు వినబడుతోంది కదా అని ఆయన సంతోషించాడు. "నువ్వు రోజూ నీ తమ్ముడి పేరు పెట్టి, వాడి మిషను బాగా నడవాలని ప్రార్థన చెయ్యి" అన్నాడట పెద్దాయన. మొదటి వారం తాతకు నోట మాట రాలేదట. ప్రార్థనలో కూడా అబద్ధమాడుతున్నట్టే ఉందని నాయనమ్మతో అన్నాడట. అయినా మానలేదు.

క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా చిన్నతాత మిషను చక్రం విరిగింది. పాటల పుస్తకం సగంలో ఆగిపోయింది. ఆ రాత్రి తాత తమ్ముడి తలుపు కొట్టి, "ఫారాలు ఎత్తు, మన మిషను మీద వేద్దాం" అన్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన నోట "మన" అనే మాట వచ్చింది. ఇద్దరూ రాత్రుళ్లు కూర్చుని పని ముగించారు. చివరి పేజీలో ముద్రణ దగ్గర తమ్ముడి ప్రెస్సు పేరే ఉంచాడు తాత.

తర్వాత మళ్లీ ఎప్పుడూ అసూయ పడలేదా అంటే, పడ్డారు. మరుసటి ఏడాది క్యాలెండర్ల పని దగ్గర మళ్లీ మాటామాటా పెరిగింది. కానీ ఈసారి మాటలు మానుకోలేదు. ఆదివారం ఒకే బల్ల మీద కూర్చున్నారు.

ఆ పాటల పుస్తకం ప్రతి ఒకటి ఇంకా మా దగ్గరుంది. అంచులు పొడుములా రాలిపోతున్నాయి. మా పిల్లల్లో ఎవరికైనా ఒకరి మార్కుల మీద, ఉద్యోగం మీద కడుపుమంట మొదలైతే, ఆ చివరి పేజీ తెరిచి చూపిస్తాం. అచ్చువేసినవాడి పేరు అందులో ఎందుకు లేదో చెబుతాం.