కారం తెలియని ముక్కులు

పెరటి తలుపు గడియ చప్పుడు కాకుండా తీయండి. మాఘమాసం చివర, తెనాలి దగ్గర ఓ పల్లె. మంచు తడి ఇంకా ఆరలేదు. వసారా మెట్టు మీద కూర్చోండి. కదలకుండా కూర్చుంటే కాసేపటికి పిట్టలు మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి.

తలపైన చూరుకు వరికంకుల కుచ్చు వేలాడుతోంది. కోతలప్పుడు నిండుకంకులు ఏరి, పిచ్చుకల కోసమనే అల్లి కట్టారు. ఓ మగపిచ్చుక అప్పుడే తలకిందులుగా పట్టుకుని గింజ లాగింది. దాని ముక్కునే చూడండి. గింజను అటూ ఇటూ దొర్లించి, సరైన చోట పెట్టి నొక్కుతోంది. గింజలు తినే పనికి సాయంగా పిచ్చుక నాలుకలో ఓ చిన్న ఎముక అదనంగా ఉంటుంది. చిట్‌మంది. ఊక మీ భుజం మీద రాలింది, బియ్యపుగింజ లోపలికి పోయింది.

గోడ మీద వాలిన కాకి నోట్లో ఎండిపోయిన చపాతీ ముక్క. తినదు. గోలెం అంచుకు దూకి ముక్కను నీళ్ళలో ముంచింది, పైకి తీసి చూసుకుంది, తిప్పి రెండో వైపూ ముంచింది. మెత్తబడ్డాకే మింగింది. దానికి ఎంత ఓపికో!

ఎండెక్కింది. పట్టా మీద పరిచిన మిరపకాయల ఘాటు లేచి గొంతు పట్టుకుంటోంది. దగ్గు ఆపుకోండి, రామచిలుకలు వస్తున్నాయి. ఒకటి సర్రున దిగి, ఓ కాయ కరుచుకుని జామకొమ్మ ఎక్కింది.

"ఉష్! పోవే!" అని ఇంటి పెద్దావిడ వంటింట్లోంచే అదిలించింది. చిలుక లెక్కచేయలేదు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో కాయను పిడికిట్లో పట్టుకుని నోటికి అందించుకుంటోంది. తొక్క చీల్చింది. లోపల గింజలు అంటుకునే తెల్లటి కండలోనే కారమంతా ఉంటుంది. సరిగ్గా అక్కడే ముక్కు పెట్టి గింజలు నములుతోంది. ఒక్క తుమ్మైనా లేదు!

ఎలా తట్టుకుంటోంది? తట్టుకోవడం కాదు, దానికి మంటే తెలియదు. మన నోట్లో కారాన్ని మంటగా పసిగట్టే గ్రాహకాన్ని 1997లో గుర్తించింది డేవిడ్ జూలియస్ బృందం. ఆ పరిశోధనకే ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లోనూ ఆ గ్రాహకం ఉంది, వేడికి స్పందిస్తుంది, కానీ మిరప కారానికి పలకదు. ఈ తేడా మిరపకు పెద్ద వరం. ఎలుకలాంటివి పళ్ళతో గింజల్ని నూరేస్తాయి, కారం వాటిని దూరం పెడుతుంది. పిట్టలు పండును గుటుక్కున మింగి, గింజల్ని చెక్కుచెదరకుండా ఎక్కడో రెట్టలో వదులుతాయి. అమెరికాలోని అరిజోనాలో అడవి మిరప మీద ఇదంతా పరీక్షించి చూశారు. 2001లో 'నేచర్' పత్రిక ప్రచురించింది. గింజల్నే కొరికి తినే చిలుక వల్ల మాత్రం మొక్కకు ఒరిగేదేమీ లేదు.

ఒరిగేది పికిలిపిట్ట వల్ల. అదిగో, బావిగట్టు పక్కన చిట్టి మిరపచెట్టు మీద వాలింది. తోక కింద ఎర్రటి మచ్చ కనిపిస్తోందా? పండొకటి తెంపి మింగేసింది, ఇంకొకటి మింగేసింది, కంచె మీదికి ఎగిరింది. కంచె కింద మోకాలెత్తు మిరపమొక్కలు మూడు నాలుగున్నాయి.

"అవి మేం నాటినవి కాదు బాబూ," అంది పెద్దావిడ, నీళ్ళచెంబుతో అటు నడుస్తూ.