ఘంటసాల: రేవుపట్నం శిల్పకళ

ఘంటసాల అనగానే తెలుగువాళ్లకు పాట గుర్తొస్తుంది. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. ఘంటసాల ఆయన ఇంటిపేరు. ఇక్కడ చెప్పేది ఊరి సంగతి. కృష్ణా జిల్లాలో, మచిలీపట్నానికి పడమర, చల్లపల్లికి చేరువలో ఉన్న ఈ ఊరు అమరావతి శిల్పరీతికి సముద్రపు వైపు వాకిలి.

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భౌగోళికుడు టాలెమీ, మైసోలియా (కృష్ణా డెల్టా) తీరంలో ‘కంటకోస్సిల’ అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. ప్రాకృత శాసనాల్లో కనిపించే కంటకసోల అదే, నేటి ఘంటసాల అదే. కృష్ణమ్మ ఏటా తెచ్చిపోసిన ఒండ్రుతో సముద్రం వెనక్కి జరిగింది; ఇప్పుడు ఊరి చుట్టూ వరిచేలే.

అమరావతి రీతి క్రీ.పూ. కాలంలోనే మొదలై, శాతవాహనుల ఏలుబడిలో పండి, ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ దాకా సాగింది. దీన్ని రాజవంశాల పేర్లతో చెప్పడం పరిపాటి. ఘంటసాల శాసనాలు చదివితే ఆ లెక్క కొంచెం మారుతుంది. ఇక్కడి ప్రాకృత శాసనాలను శాసన పరిశోధకుడు వోగెల్ ప్రకటించాడు. వాటిలో శివకుడనే ‘మహానావికుడి’ పేరుంది. ఓడ నడిపే మనిషి పేరు బౌద్ధక్షేత్రపు రాతి మీదికెక్కింది! నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలోనూ ఈ ఊరి ప్రస్తావన ఉంది: కంటకసోల మహాచైత్యం తూర్పు వాకిట ఆమె రాతిమండపం కట్టించింది. ఉలి శిల్పిదే అయినా, ఖర్చులో పెద్ద వాటా ఓడలవాళ్లది, వర్తకులది, గృహస్థులది, ఆడవాళ్లది.

రాయి పలనాటి సున్నపురాయి. తెల్లగానో, లేత ఆకుపచ్చ ఛాయతోనో ఉంటుంది. పాలరాయి అంటారు గానీ అసలు పాలరాయి కాదు. మెత్తనిది కనుక ముత్యాలపేటల్లో ముత్యాన్ని, తలపాగా మడతను కూడా చెక్కనిస్తుంది. అమరావతి పలకల్లో మహాభినిష్క్రమణ ఘట్టం, అంటే సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లడం, చూస్తే ఈ పనితనం తెలుస్తుంది. తొలినాటి శిల్పాల్లో జీను వేసిన గుర్రం బయల్దేరుతుంది, పైన గొడుగు పట్టి ఉంటారు, గుర్రం మీద మాత్రం ఎవరూ ఉండరు. బుద్ధుణ్ణి పాదాలతో, ఖాళీ ఆసనంతో సూచించడమే అప్పటి పద్ధతి. మానుషరూపం తర్వాత వచ్చింది. రెండు పద్ధతులూ కొంతకాలం పక్కపక్కనే నడిచాయి.

ఘంటసాల స్తూపం లోపలి కట్టుబడి మరో విశేషం. పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే 19వ శతాబ్ది చివర్లో తవ్వినప్పుడు, నట్టనడుమ గట్టి ఇటుకల చదరపు దిమ్మె, దాని చుట్టూ చదరపు గోడలు, వాటిని కలుపుతూ అడ్డగోడలు, అన్నిటికీ బయట గుండ్రటి గోడ బయటపడ్డాయి. గోడల మధ్య సందుల్లో మట్టి నింపారు. దగ్గర్లోని భట్టిప్రోలు స్తూపం గట్టి ఇటుకల ముద్ద. ఘంటసాల మేస్త్రీలు మాత్రం ఇటుక కలిసొచ్చేలా ఆలోచించారు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలుండేవి. వాటి మీద నిలిపే అయిదేసి స్తంభాలు బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తులని చెబుతారు: జననం, అభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం.

పలనాటి సున్నపురాతిలో చెక్కిన శిల్పాలు శ్రీలంకలోనూ దొరికాయి. ఈ శైలి సముద్రం దాటిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బౌద్ధం సన్నగిల్లాక చైత్యాలు దిబ్బలయ్యాయి. బ్రిటిషువాళ్ల కాలంలో భట్టిప్రోలు వంటి చోట్ల ఇటుకలు రోడ్లకు, లాకులకు పోయాయి. శిల్పాలు చెల్లాచెదరయ్యాయి. అమరావతి పలకలు చెన్నై, లండన్ మ్యూజియాల పాలైతే, ఘంటసాల శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియం చేరాయి. మిగిలినవాటిలో కొన్ని ఊళ్లోని మ్యూజియంలోనే ఉన్నాయి. సొంతూళ్లోనే చూడగలగడం ఒక ఊరట.

20వ శతాబ్దంలో ఇదే తీరాన మరో కళోద్యమం పుట్టింది. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పాడు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు తర్వాత అక్కడే ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. కుంచె పట్టిన ఆ చేత్తోనే శాతవాహనుల కాలాన్ని ‘హిమబిందు’ నవలగా రాశాడు.