రూజ్‌వెల్టు మైదానమున విమాన ప్రమాదము

1926 సెప్టెంబరు 21వ తేదీ ఉదయమున, న్యూయార్కు చెంత, రాతిబాట లేని రూజ్‌వెల్టు మైదానమున మూడు ఇంజనుల సికోర్‌స్కీ విమానము ప్రయాణసన్నద్ధమై నిలిచెను. నడుమ దిగకుండ పారిస్ చేరినవారికి ఆర్టీగ్ అను హోటలు యజమాని 25,000 డాలర్ల బహుమతి ప్రకటించి యుండెను. చోదకుడు ఫోంక్, మొదటి ప్రపంచ యుద్ధమున పేరుగాంచిన ఫ్రెంచి వీరుడు. పెట్రోలు భారము మితిమీరినది. పరుగున అదనపు చక్రముల అమరిక విరిగెను. తగిన వేగము కుదరక, విమానము మైదానపు అంచునగల పల్లమున బడి మండిపోయెను. ఫోంక్, సహచోదకుడు బయటపడిరి; రేడియో పనివాడు క్లావియే, యంత్రకారుడు ఇస్లామోఫ్ మరణించిరి. ఫోంకును తలచువారు పెక్కురు. ఈ యిరువురి పేర్లెరిగినవారెందరు?

1927 మే 20న అదే బాటనుండి లిండ్‌బర్గ్ ఒంటరిగా బయలుదేరెను. వానకు నేల బురదయై యుండెను. ఒకే ఇంజను, బరువని రేడియోను సైతము వలదనుకొని, 450 గ్యాలన్ల పెట్రోలు నింపుకొనెను. టెలిఫోను తీగలను సుమారు 20 అడుగుల ఎత్తున దాటి, 33½ గంటలకు పారిస్ చేరెను.