పాటకు పుట కట్టినవారు

40,000 ప్రతులు అచ్చొత్తించి దుకాణములకు పంపగా, అందు 34,000 ప్రతులు రిటర్నులై తిరిగివచ్చిన పత్రిక రెండవ మాసమును చూడనేరదని, ఈ వ్యాపారము నెఱిగిన ఏజెంటు ఎవడైనను చెప్పును. 1967 నవంబరు 9వ తేదీతో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున వెలువడిన 'రోలింగ్ స్టోన్' మొదటి సంచికకు పట్టిన గతి అదియే. దాని సంపాదకుడు యాన్ వెన్నర్ 21 ఏండ్లవాడు. విశ్వవిద్యాలయమును చదువు ముగియకయే విడిచివచ్చినవాడు. చేతనున్న పెట్టుబడి బంధుమిత్రుల యొద్ద బదులు తెచ్చిన 7,500 డాలర్లు. అతనికి పెద్దదిక్కుగా నిలిచిన రాల్ఫ్ గ్లీసన్ 50 ఏండ్ల వయసున, అదే నగరపు 'క్రానికల్' దినపత్రికలో జాజ్ సంగీతమును గూర్చి చిరకాలముగా వ్రాయుచుండిన విమర్శకుడు. కార్యాలయము బ్రానన్ వీథిలో ఒక ప్రెస్సు మేడమీది గది. ఇంతటి బీదకాపురమున పుట్టి, అంతటి తొలిదెబ్బ తిని, ఆ పత్రిక బ్రతికి బట్టకట్టుటకు హేతువేమి అని విచారించినప్పుడెల్ల, నా చూపు దాని వ్యాసములకంటె ముందుగా దాని పుటల కట్టుబాటు మీదికే పోవును.

ఆ కట్టుబాటు విలువ తెలియవలెనన్నచో ఆనాటి ఆ నగరమును కొంత చూడవలెను. హైట్, యాష్‌బరీ అను రెండు వీథులు కలియు చౌరస్తా చుట్టును చౌక అద్దెల పాతయిండ్లలో వేలకొలది యువజనులు కాపురముండిరి. ఫిల్‌మోర్, అవలాన్ అను రెండు నృత్యశాలలలో వారాంతములందు రాక్ బృందములు పాడుచుండెను. ఆ కచేరీలకు అచ్చువేసిన పోస్టర్లే ఆ పేటకు లిపి నేర్పినవని చెప్పవచ్చును. వెస్ విల్సన్ అను చిత్రకారుడు, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో వియన్నా నగరమున ఆల్ఫ్రెడ్ రోలర్ వ్రాసిన అక్షరముల ఫక్కిని చూచి ముచ్చటపడి, దానిని ఇంకను సాగదీసి, అక్షరములను జ్వాలలవలె మెలిత్రిప్పి ఒకదాని యొడిలో నొకటి ఒదిగించెను. దారినపోవు పెద్దమనిషికి అది చదువరాదు; ఆగి నిలిచి, మెడ వంచి, తీరికగా చూచు కుఱ్ఱవానికి చదువవచ్చును. పోస్టరు అనునది దూరమునుండి చదువబడవలెనను నియమమును ఇట్లు తలక్రిందులు చేసి, ఎవరిని పిలువవలెనో వారినే పిలుచు ఉపాయమును ఆ చిత్రకారులు కనుగొనిరి. లక్షిత పాఠకుడు అని నేడు మనము శాస్త్రీయముగా పలుకు మాటకు ఇంతకుమించిన ఉదాహరణము నాకు తోచదు.

ఆ పేటకు సొంత పత్రికయు అప్పటికే కలదు. 1966 సెప్టెంబరులో అలెన్ కోహెన్ సంపాదకుడుగా మొదలైన 'శాన్‌ఫ్రాన్సిస్కో ఆరకిల్' పోస్టర్ల చెల్లెలు. అచ్చుయంత్రమునందలి సిరాతొట్టిని అడ్డులతో భాగములు చేసి, ఒక్కొక్క భాగమున ఒక్కొక్క రంగు సిరా పోసినచో, రోలర్లు తిరుగుచుండగా రంగులు అంచులయందు ఒండొంటితో కలిసి కాగితముపై హరివిల్లు పఱచుకొనును. యంత్రము తిరిగినకొలది ఆ కలయిక మారుచుండును గనుక ఏ రెండు ప్రతులును అచ్చముగా ఒకే రంగున నుండవు. ఈ ప్రక్రియను ఆరకిల్ వారు పండుగవలె జరిపిరి. కొన్ని ప్రతులమీద మల్లెల అత్తరు సైతము చిలుకరించిరి. దాని ప్రచారము లక్ష ప్రతులు దాటెననగా ఆ సొగసునకు జనము ఎంత మురిసెనో తెలియును. కాని 12 సంచికలతో, 1968 ఫిబ్రవరి నాటికి, అది ఆగిపోయెను. అప్పటికే ఆ పేటలో మునుపటి కాంతి తగ్గియుండెను. 1967 అక్టోబరు 6వ తేదీన అచటివారే 'హిప్పీ' మరణించెనని చాటి, ఒక శవపేటికను మోసికొని ఊరేగింపు చేసిరి. రోలింగ్ స్టోన్ పుట్టినది ఆ ఊరేగింపు జరిగిన మరుసటి మాసముననే.

రాక్ సంగీతమునకు ప్రత్యేకించిన పత్రికలను మొదట తీసినవారు ధనికులు కారు, నిపుణులును కారు. 1966 ఫిబ్రవరి 7వ తేదీతో, స్వార్త్‌మోర్ కళాశాలలో చదువుచుండిన 17 ఏండ్ల పాల్ విలియమ్స్, 'క్రాడాడీ' అను పత్రికను 10 పుటలుగా 500 ప్రతులు సైక్లోస్టయిలు చేసెను. అదే ఏడు ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ హారిస్, గ్రెగ్ షా అను యువకులిద్దరు 'మోజో నావిగేటర్' ను అదే తీరున తీసిరి. సైక్లోస్టయిలు పని మనవారికి క్రొత్తకాదు; సంఘముల కరపత్రములు, కళాశాలల గోడపత్రికలకు తోబుట్టువులైన చిన్నపత్రికలు మన ఊళ్లలోను అట్లే పుట్టినవి. టైపుమిషను రిబ్బను తప్పించి, మైనపు స్టెన్సిలుపై అక్షరములు గట్టిగా కొట్టి, తప్పుపడినచోట ఎఱ్ఱద్రవము పూసి ఆఱిన పిదప మరల కొట్టి, ఆ కాగితమును సిరా డ్రమ్ముపై తొడిగి పిడి త్రిప్పుచుండిన, తొలి ప్రతులు నల్లగా, పిదపటివి మసకగా వచ్చును. అక్షరము 'ఓ' కొట్టినచోట మైనము చిల్లుపడి సిరా బొట్టుగా దిగును. ఇందు అలంకారమునకు తావెక్కడిది? చెప్పవలసినది చెప్పి ఊరకుండవలెను. ఆ పేదఱికమే ఆ పత్రికలకు రూపమైనది.

ఇక వెన్నర్ ముందు రెండు దారులుండెను. హరివిల్లు సిరాలతో ఆరకిల్ వెంటబోవుట ఒకటి. సైక్లోస్టయిలు మిత్రుల వెంటబోవుట మఱొకటి. అతడు రెండింటిని విడిచి, ఎవ్వరును ఊహింపని మూడవదానిని పట్టెను. అంతకుముందు అతడు 'సండే రాంపార్ట్స్' అను పత్రికలో పనిచేసియుండెను, అది మూతపడెను. డ్యూగల్డ్ స్టెర్మర్ దానికి సమకూర్చిన గంభీరమైన పేజీకట్టును ఇతడు దాదాపు ఉన్నదున్నట్లు తెచ్చుకొనెను. పాడుబడిన యింటి వాసములతో క్రొత్తయిల్లు కట్టుకొన్నట్లు! వినోదమునకు పుట్టిన పత్రిక దినపత్రికల పెద్దఱికమును ధరించెను.

ఆ మొదటి సంచిక మొగమును కొంచెము దగ్గఱగా చూడుడు. వెల 25 సెంట్లు. నలుపు తెలుపుల అచ్చు. 'హౌ ఐ వన్ ద వార్' అను చలనచిత్రమునుండి తీసికొన్న ప్రచారపు ఫొటోలో జాన్ లెనన్, సైనికుని శిరస్త్రాణముతో, గుండ్రని కళ్లద్దములతో చూచుచున్నాడు. గిటారు లేదు, వేదిక లేదు. చుట్టును వార్తాపత్రికలకు వలె నిటారైన కాలములు, సన్నని అక్షరములు. ఒక్క పత్రిక పేరు మాత్రమే ఆ పేటకు చెందిన చేతివ్రాత: పోస్టర్ల చిత్రకారులలో ప్రసిద్ధుడైన రిక్ గ్రిఫిన్ వ్రాసినది. అతడు దానిని చిత్తుప్రతిగానే తలచెనట. మెఱుగు పెట్టవలెనని అతడు అనుకొనుచుండగనే వెన్నర్ దానిని లాగికొని అచ్చునకు పంపెను. వంకర తోకల ఆ పేరు పైన, సర్కారు కచేరీ ఫైలువలె క్రమశిక్షణ గల పుట క్రింద. కొంటె కుఱ్ఱవాడు తాతగారి కోటు తొడిగికొని వచ్చినట్లున్నదని నాకు తోచును. ఆ కోటు వేళాకోళమునకు తొడిగినది మాత్రము కాదు.

ఆ సంచికలోని ముఖ్యవార్త చదివినచో సంగతి బోధపడును. ఆ యేడు జూన్‌లో మాంటెరే పట్టణమున గొప్ప రాక్ ఉత్సవము జరిగెను. గాయకులు దాదాపు అందఱును పారితోషికము లేకయే పాడిరి. ఆ ఉత్సవపు సొమ్ము ఏమైనదని మైకేల్ లిడన్ అను విలేఖరి లెక్కలు తీసి అడిగెను. తాను ప్రేమించు సంగీతమును గూర్చి, పురపాలక సంఘపు పద్దులను గూర్చి అడిగినంత నిష్ఠతో అడుగు వార్తకు, హరివిల్లు రంగులు నప్పునా? ఆరకిల్ తన పాఠకుని ధ్యానములో కూర్చుండ బెట్టదలచెను. వెన్నర్, గ్లీసన్ తమ పాఠకుడు జుట్టు పెంచినను లెక్క తెలిసినవాడని నమ్మిరి. ఆ నమ్మకమే పుటగా మారెను. 1969 డిసెంబరు 6వ తేదీన ఆల్టమాంట్ కచేరీలో ఒక యువకుడు కత్తిపోట్లకు బలియైనపుడు, ఆ కచేరీని నడపినవారిని నిలదీయుచు ఆ పత్రిక పుటలకు పుటలు వెచ్చించుటయు ఆ నమ్మకమున భాగమే.

కోటు క్రింద కొంటెతనము చావలేదని చెప్పుటకు ఒక సాక్ష్యము: తొలినాళ్లలో చందాదారులకు బహుమానముగా, గంజాయి చుట్ట కాలి పొట్టిదైనపుడు వ్రేళ్లు కాలకుండ పట్టుకొను చిన్న పట్టకారును ఇచ్చెదమని ప్రకటించిరి. మన పత్రికలు చందాదారులకు పంచాంగములు, క్యాలెండర్లు ఇచ్చినట్లే యిది. వ్యాపారము ఎచ్చటనైనను వ్యాపారమే. ఫొటోగ్రాఫరు బేరన్ వుల్‌మన్ బేరమును చెప్పుకొనదగినదే. జీతము వద్దనెను, సంస్థలో వాటా అడిగెను, తాను తీసిన ఫొటోలమీది హక్కు తనకే యుండవలెననెను. జీతము లేని పనివాడు దొరికెనని సంపాదకుడు సంతసించియుండును. ఎవరు లాభపడిరో కాలము చెప్పినది.

1977లో ఆ పత్రిక న్యూయార్కునకు తరలిపోయెను. రంగుల ముఖచిత్రములు, పెద్ద ప్రకటనలు, సినిమా తారలు ఒకరివెనుక నొకరు వచ్చిరి. దానిని నేను నిందింపను. అయినను, ఫిల్‌మోర్‌లో ఈ శుక్రవారము ఎవరు పాడుచున్నారను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పుట్టిన పత్రిక, ఆ ప్రశ్న వినబడనంత దూరము పోయెనన్నది వాస్తవము.

ఇతర నగరములందు పుట్టిన పత్రికలును లేకపోలేదు. 1969 మార్చిలో, కార్ల కర్మాగారముల డెట్రాయిట్‌లో, రికార్డుల దుకాణము నడపుచుండిన బ్యారీ క్రేమర్ 'క్రీమ్' ను పెట్టెను. తెగువయు ఎకసక్కెమును దాని బాణీ. రాబర్ట్ క్రంబ్ గీసిన పాలసీసా బొమ్మ దాని గుఱుతు.

అన్నిటిలోను నాకు ప్రియమైనది మాత్రము లండను దక్షిణ భాగమున డెప్ట్‌ఫర్డ్‌లో, 1976 జూలైలో మార్క్ పెరీ అను 19 ఏండ్ల బ్యాంకు గుమాస్తా తీసిన 'స్నిఫిన్ గ్లూ'. అమెరికానుండి వచ్చిన రామోన్స్ బృందపు పాటలు విని ఒడలు మఱచిన ఆ యువకునికి, తాను చదువదలచిన పత్రిక దుకాణములలో దొరకలేదు. పిల్లల టైపుమిషనుపై తానే కొట్టుకొనెను. శీర్షికలు లావు స్కెచ్ పెన్నుతో వ్రాసెను. తప్పులను తుడువక అడ్డగీత కొట్టి ముందుకుపోయెను. తొలుత తీసినవి 50 ప్రతులు, అవియు జిరాక్సు. చూచువానికి 'ఇంతమాత్రము నేనును చేయగలను' అనిపించుటయే ఆ పుటల ప్రయోజనము. శాన్‌ఫ్రాన్సిస్కో కోటు నేర్పని పాఠమిది. మూడు గిటారు స్వరసంపుటుల బొమ్మలు గీసి, ఇవి చాలును, పోయి బృందము కట్టుకొమ్మని చెప్పిన ప్రసిద్ధచిత్రమును పలువురు ఈ పత్రికకే అంటగట్టుదురు గాని, అది 1977 జనవరిలో 'సైడ్‌బర్న్స్' అను మఱొక చిన్నపత్రికలో వచ్చినది. ఏడాది తిరుగునప్పటికి స్నిఫిన్ గ్లూ వేల ప్రతులకు పెరిగెను. అంతట పెరీ, పెద్దపత్రికలును తమ సంగీతమును గూర్చియే వ్రాయుచుండగా తన పని ముగిసెనని, 12వ సంచికతో దానిని ఆపివేసి, పాఠకులను తమ తమ పత్రికలు పెట్టుకొమ్మనెను. పెరుగుచున్న పత్రికను తనంతట తాను నిలిపివేసిన సంపాదకులు ఎందఱున్నారు?

మన దేశమున, 1967లోనే కలకత్తాలో చిత్రకారుడైన డెస్మండ్ డోయిగ్ సంపాదకత్వమున వెలువడిన 'జూనియర్ స్టేట్స్‌మన్' యువజనులకు సంగీతమును, వేషమును, చిత్రములను కలిపి వడ్డించెను; దాని వెనుక పెద్ద సంస్థ యుండెను. అట్టి అండ లేకయే 1993లో అమిత్ సైగల్ 'రాక్ స్ట్రీట్ జర్నల్' ను ఆరంభించెను. ఆరంభించినది బొంబాయిలో కాదు, బెంగుళూరులో కాదు, గంగాయమునలు కలియు అలహాబాదులో! కళాశాలల ఉత్సవములలో మాత్రమే వినబడు బృందములకు అది దేశమంతట పాఠకులను కూర్చెను. తరువాత ఢిల్లీ చేరెను.

ఇట్టి పత్రికల చరిత్ర వ్రాయబూనినవానికి అన్నిటికంటె ఉపకరించునవి వెనుక పుటలు: ఏ వీథిలో ఏ దుకాణము రికార్డులమ్మెను, ఏ రాత్రి ఏ బృందము ఎంత టిక్కెట్టుకు పాడెను, ఎవరికి డ్రమ్ములు వాయించువాడు కావలెను అను చిన్న ప్రకటనలు. గ్రంథాలయములు బైండు చేయించునపుడు మొట్టమొదట చింపివేయునవియు అవియే. మీ అటుకమీద సైక్లోస్టయిలు పత్రికయో, కళాశాల లిఖితపత్రికయో, నాటకసమాజపు సంచికయో ఉన్నచో, పాతకాగితముల బండివానికి తూచి యిచ్చుటకు ముందు దాని కడపటి పుట తీసి ఒక్కమారు చదువుడు.