మందు అగ్రిమెంట్‌లో లంచం ముచ్చట ఎందుకు?

ఒక పెద్ద విస్కీ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌తో రాసుకునే అగ్రిమెంట్ తెరిస్తే, మొదట్లోనే 'డెఫినిషన్స్' అని ఒక భాగం కనిపిస్తుంది. అందులో మద్యం నియంత్రణ చట్టాలంటే ఏంటి, లంచ నిరోధక చట్టాలంటే ఏంటి అని వివరంగా రాస్తారు. మందు అమ్ముకునే కాగితంలో లంచం గురించి ఎందుకు? దీని వెనక పెద్ద కథే ఉంది.

ముందు మద్యం సంగతి చూద్దాం. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. తయారీ, రవాణా, కొనుగోలు, అమ్మకం అన్నీ రాష్ట్రం చేతిలోనే. అందుకే రూల్స్ రాష్ట్రానికో రకం. పైగా మారిపోతూ ఉంటాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా బంద్. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు. 1997లో అది ఎత్తేశారు. నాలుగేళ్లలో మూడు మలుపులు! 'ఎప్పటికప్పుడు సవరించిన ప్రకారం' అనే మాట కాంట్రాక్టుల్లో ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా?

ఇక లంచం. 1976లో అమెరికా విమాన కంపెనీ లాక్‌హీడ్ విదేశాల్లో లంచాలిచ్చిన సంగతి బయటపడింది. జపాన్ మాజీ ప్రధాని తనాకా అరెస్టయ్యారు. అప్పట్లో 400కు పైగా అమెరికన్ కంపెనీలు మేమూ ఇలాంటి అనుమానాస్పద చెల్లింపులు చేశామని ఒప్పుకున్నాయి. దాంతో 1977లో అమెరికా చట్టం చేసింది: విదేశీ అధికారికి లంచమిచ్చినా ఇక్కడ కేసే. డబ్బే కానక్కర్లేదు, విలువైనది ఏదైనా లంచమే. మధ్యవర్తి చేత ఇప్పించినా లంచమే.

ఈ రెండు దారులూ కలిసేది మన దేశంలోనే. మన దగ్గర చాలా రాష్ట్రాల్లో మద్యం హోల్‌సేల్‌గా కొనేది ప్రభుత్వ కార్పొరేషనే. ఉమ్మడి ఏపీలో ఇది 1986 నుంచీ ఉంది. లేబుల్‌కు పర్మిషన్ ఇచ్చేదీ ప్రభుత్వమే. అంటే మామూలు షాపులో సేల్స్ కోసం ఇచ్చే 'కమిషన్', ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగికి ఇచ్చే లంచం అయిపోతుంది.

2011లో డియాజియో కేసు అదే. భారత్‌లో వందల మంది ప్రభుత్వ ఉద్యోగులకు 17 లక్షల డాలర్లకు పైగా ముట్టాయని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. ఇందులో కొంత డిస్ట్రిబ్యూటర్ల ద్వారానే వెళ్లింది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా, కంపెనీ 1.6 కోట్ల డాలర్లకు పైగా కట్టి సెటిల్ చేసుకుంది. తర్వాత బీమ్ వంతు. బాట్లింగ్ లైసెన్స్ కోసం ఒక అధికారికి 10 లక్షల రూపాయలు ఇచ్చిన వ్యవహారంలో, 2020లో 1.9 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. ఆ లంచం ఎంత, ఈ ఫైన్ ఎంత... మీరే లెక్కేసుకోండి.

మన చట్టమూ గట్టిపడింది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమే, ఏడేళ్ల దాకా జైలు. బలవంతం చేస్తే ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి.

అందుకే ఫ్రెండ్స్, రేపు మీరు సేల్స్ ఉద్యోగంలోనో, ఏజెన్సీ పెట్టుకునో ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టాల్సొస్తే, డెఫినిషన్స్ పేజీని స్క్రోల్ చేసేయకండి. 'అందరూ ఇస్తారులే' అని పైవాళ్లు నోటితో చెప్తారు. కాగితం మీద మాత్రం 'నేను ఇవ్వను' అని ఉంటుంది. దాని కింద ఉండేది మీ సంతకం.