అవ్వ చెప్పిన చోట్లు, మేం గీసిన పటం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది కూనవరం వైపు, శబరి గోదావరిలో కలిసే చోటుకి దగ్గర్లోని కోయ ఊరు. మా అవ్వ పుట్టినప్పుడు ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో మళ్లీ తూర్పు గోదావరి అన్నారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అవ్వ మాత్రం ఒక్క ఇల్లు కూడా మారలేదు. ఇప్పుడు పోలవరం నీళ్లకి మారాల్సి వస్తంది.

అందుకే సెలవులకి ఇళ్లకి పోయినప్పుడు చదువుకునే పిల్లలం కూర్చుని ఊరి పటం గీద్దామనుకున్నాం. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ ప్రింటు తీసుకుపోయాం. దాంట్లో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మా ఊరంటే నాలుగు నల్ల చుక్కలు, మా వాగంటే సన్నటి నీలం గీత, అంతే.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో గోదారి ఎటు పోతాంది?" అని అడిగింది. మేం ఉత్తరం పైన ఉంటదని చెప్తున్నాం. ఆమెకి ఉత్తరంతో పనేముంది? ఎగువ, దిగువ, గట్టు వైపు, ఏటి వైపు, ఇవే మా దిక్కులు. కాగితం పక్కన పెట్టి గచ్చు మీద బొగ్గుతో ముందు గోదారి గీశాం. అప్పుడు ముసలోళ్లు కదిలారు.

ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాం. "అక్కడ ఏముండేది?" అని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. "చిన్నప్పుడు అక్కడ ఏం చేసేవాళ్లు?" అంటే సాయంత్రం దాకా ఆగరు. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోయిన దారి, ఎండాకాలం కూడా నీళ్లుండే వాగు మలుపు, తునికాకు కట్టలు ఎండబెట్టిన కల్లం, పెద్దలకి నాటిన రాళ్లు, వాటి దగ్గర ఆడుకుంటే తిన్న దెబ్బలు, అన్నీ వచ్చాయి. ఆ రాళ్లు టోపోషీట్‌లో లేవు.

ఇవన్నీ ముచ్చట్లే అనుకోకండి. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో, క్లెయిముకి పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ సాక్ష్యమే అని ఉంది. బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యాలే. మా దగ్గర పట్టా కాగితాలు తక్కువ, ఇలాంటి చోట్లే ఎక్కువ.

అన్నిటికన్నా మమ్మల్ని ఆపేసింది 1986 ఆగస్టు వరద. అప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. మా పెద్దనాన్నకి అప్పుడు పదేళ్లు. మమ్మల్ని గట్టు మీదకి తీసుకుపోయి ఒక బండ చూపించాడు. "మేకల్ని ఇక్కడిదాకా తోలుకొచ్చినం. నీళ్లు ఈ బండ కాడ ఆగినయ్. రెండు రాత్రులు దీని మీదే పడుకున్నం." 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు నీళ్లు ఆ బండకి కొంచెం కింద దాకా వచ్చాయి. అది మేమే చూశాం.

ఆ బండకీ ఊరికీ మధ్యలో మా పై గుంపు ఇళ్లు ఉన్నాయి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. తొలి దశ లెక్క 41.15 మీటర్ల గీత దాకే. పై గుంపు ఆ గీతకి పైనుందని మొదటి లిస్టులో పేర్లు రాలేదు. వరద మట్టం వేరు, రిజర్వాయర్ మట్టం వేరు అని మాకూ తెలుసు. అయినా 1986లో, 2022లో రెండుసార్లూ నీళ్లు దూరిన ఇళ్లని పొడి నేల అని రాసేవాళ్లు ఆ బండ దాకా ఒక్కసారి నడిచి చూడాలి కదా? పెద్దనాన్న చెప్పింది రాసుకుని, ఫోన్లో ఆ చోటు గుర్తు పెట్టి, కింద ఆయన వేలిముద్ర వేయించాం. గ్రామసభలో పెడతాం.

గచ్చు మీది పటాన్ని తర్వాత చార్టు మీదకి ఎక్కించాం. ఒక్క ఇప్ప చెట్టు దగ్గరే ఆగిపోయాం. మాలో ఒక్కో ఇంటికి ఒక్కో చెట్టు ఉంటది. వాగు పక్క చెట్టు మా నాయినది అని ఒక పెద్దమ్మ, కాదు మా తాత కాలం నుంచి మాదే అని ఇంకో పెద్దమ్మ. మధ్యాహ్నం అంతా అదే గొడవ, నవ్వుతూనే గానీ ఎవరూ తగ్గలేదు. చెట్టు బొమ్మ కింద రెండు ఇంటిపేర్లూ రాసి వదిలేశాం.